కల్చర్ గదికి తాళం వేయకండి

జంతు వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలు నడిపే పెద్దలకు, వాటికి నిధులూ నియమాలూ సమకూర్చేవారికి బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం పీసీఆర్ యంత్రం ముందే గడిచింది. శాంపిల్లో మనం వెతికే జన్యు ముక్క ఉంటే దాన్ని రెట్టింపులు చేస్తూ పట్టిచ్చే యంత్రం అది. పేడలోంచి, పాలలోంచి, ఈసుకుపోయిన పిండం కాలేయంలోంచి డీఎన్ఏ తీయడం, ప్రైమర్లు (వెతికే జన్యు ముక్కకు అతుక్కునే చిన్న డీఎన్ఏ పోగులు) సరిచూసుకోవడం, తెర మీద గీత ఎప్పుడు లేస్తుందా అని కళ్లప్పగించి కూర్చోవడం నా పని. కాబట్టి కొత్త పద్ధతులంటే గిట్టని మనిషెవరో రాస్తున్న ఉత్తరం ఇది అనుకోవద్దు. ఆ పద్ధతుల మీద ప్రేమ ఉంది కాబట్టే రాస్తున్నాను.

ఈమధ్య మీ ముందుకు తరచూ ఒక ప్రతిపాదన వస్తోంది. సూక్ష్మజీవులను పెంచే గదిని మేం కల్చర్ గది అంటాం. దానికి ఖర్చు ఎక్కువ, చేతిపని ఎక్కువ, ఫలితం ఆలస్యం. దాన్ని ఎత్తేసి ఆ జాగాలో మరో రెండు పీసీఆర్ యంత్రాలో, జన్యు అక్షరాలను వరుసగా చదివే ఒక సీక్వెన్సరో పెడితే పని చకచకా సాగిపోతుందన్నది ఆ ప్రతిపాదన. కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. దాని మీద సంతకం పెట్టేముందు ఈ ఉత్తరం చివరిదాకా చదవమని నా మనవి.

నేను పనిచేసిన ఒకచోట ఇదే జరిగింది. పేరు అనవసరం. ఇంక్యుబేటర్ ఆపేశారు. కొన్నాళ్లకు అందులో గ్లవ్స్ పెట్టెలు పెట్టుకోవడం మొదలైంది. ఆ తర్వాత ఒక పాడి మంద నుంచి పొదుగువాపు పాల శాంపిళ్లు వచ్చాయి. మధ్యాహ్నానికల్లా ఫలితం సిద్ధం: స్టెఫైలోకాకస్ ఆరియస్, పాజిటివ్. రిపోర్టు వెళ్లిన గంటకే పశువైద్యురాలు ఫోన్ చేశారు. "బ్యాక్టీరియా పేరు తెలిసింది, సంతోషం. ఏ మందుకు లొంగుతుందో చెప్పండి. ఇప్పటికే రెండు మందులు వాడి చూశాను" అన్నారు. నా దగ్గర ఉన్నది చిన్న గొట్టంలో 50 మైక్రోలీటర్ల డీఎన్ఏ. పాలన్నీ కణాలను పగలగొట్టే ద్రావణంలో కలిపేశాం. అందులో ప్రాణంతో ఉన్న బ్యాక్టీరియా ఒక్కటీ మిగల్లేదు. మళ్లీ పాలు తీసి పంపమన్నాను. ఈలోపు ఆవిడ మూడో మందు మొదలుపెట్టక తప్పలేదు. రెండోసారి వచ్చిన పాలను పెంచిపెట్టమని వేరేచోటికి పంపితే ప్లేటు (సూక్ష్మజీవులకు ఆహారం పరిచిన పళ్లెం) మీద ఏమీ మొలవలేదు. మందు ప్రభావంలో ఉన్న పొదుగు నుంచి తీసిన పాలు అవి, మొలవకపోవడంలో వింత లేదు. ఆ ఆవులకు ఏ మందు సరైనదో చివరిదాకా ఎవరికీ తెలియలేదు. ఆ ఫోనులో నేను ఇవ్వలేకపోయిన జవాబే ఈ ఉత్తరం రాయిస్తోంది.

పీసీఆర్ మాకు ఏమిచ్చిందో ముందుగా చెప్పడం న్యాయం. పశువులను నెలల తరబడి పారించి, పారించి ఎముకల గూడు చేసే జోన్స్ వ్యాధినే తీసుకోండి. దాన్ని తెచ్చే మైకోబ్యాక్టీరియం ప్లేటు మీద కనబడాలంటే మూడు నాలుగు నెలలు ఆగాలి. పీసీఆర్‌లో ఒక్క రోజు చాలు. మైకోప్లాస్మా బోవిస్‌కు కణకవచమే ఉండదు, ప్లేట్లలో పోసే మామూలు అగార్ జిగురు మీద పెరగదు, ప్రత్యేకమైన ఆహారం వేసి వారం పది రోజులు కాచుకోవాలి. దాన్ని మందలో తొందరగా పట్టుకోవడం పీసీఆర్ వల్లే కుదిరింది. గాలికుంటు వైరస్ సంగతి చూడండి. 1898లో ఫ్రీడ్రిష్ లోఫ్లర్, పాల్ ఫ్రోష్ బొబ్బల్లోని ద్రవాన్ని బ్యాక్టీరియాను ఆపేసే వడపోతలోంచి పంపారు. అవతలికి వచ్చిన ద్రవం కూడా దూడలకు జబ్బు తెస్తోందని చూపించారు. వాళ్ల కంటికి కనబడని ఆ పదార్థపు జన్యు పాఠం సుమారు 8,400 అక్షరాలు. అందులో వీపీ1 అనే భాగం చదివితే ఈ వ్యాప్తికి దగ్గరి చుట్టం ఎక్కడుందో తెలుసుకోవచ్చు. ముసర వ్యాధిని (రిండర్‌పెస్ట్) ప్రపంచం నుంచి తుడిచేసినట్టు 2011లో ప్రకటించారు. ఆ చివరి దశలో మేకలు, గొర్రెల్లో ముసర వ్యాధినీ, చూడటానికి దాని తోబుట్టువులా ఉండే పీపీఆర్‌నీ విడదీసి చెప్పడానికి జన్యు పరీక్షలు ఎంతో అక్కరకొచ్చాయి.

ఇదంతా నిజం. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. పీసీఆర్‌లో గీత లేచిందంటే, మనం వెతికిన కొన్ని వందల అక్షరాల జన్యు ముక్క ఆ శాంపిల్లో ఉంది అని మాత్రమే అర్థం. ఆ ముక్క బతికున్న సూక్ష్మజీవిదా, నిన్నటి మందుకు చచ్చినదా, టీకా నుంచి వచ్చినదా, పక్క గొట్టం నుంచి తుంపరై పడినదా అన్నది ఆ గీత చెప్పదు. జబ్బుకు కారణం అదేనా అన్నది అసలే చెప్పదు.

ఇక్కడ ఒక బ్యాక్టీరియా కథ వివరంగా చెప్పాలి. 2007లో ఇంగ్లండ్ నైరుతి భాగంలో, ఒక పాడి మంద పాల ట్యాంకు నుంచి తీసిన శాంపిల్లో స్టెఫైలోకాకస్ ఆరియస్ దొరికింది. పొదుగువాపు మీద పరిశోధన చేస్తున్నవారు దాన్ని పెంచారు, మందులతో పరీక్షించారు. పెన్సిలిన్ కుటుంబానికి చెందిన మెథిసిలిన్ తరహా మందులకు అది లొంగలేదు. అలా లొంగని స్టెఫైలోకాకస్‌లో మెక్‌ఏ అనే జన్యువు ఉంటుందని అప్పటికే అందరికీ తెలుసు. దాన్ని పట్టే పీసీఆర్ పరీక్షలు ప్రపంచమంతా వాడుతున్నారు. పీసీఆర్ పెట్టారు, నెగటివ్ వచ్చింది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌ను పట్టే పరీక్ష కూడా నెగటివే. ఒకే బ్యాక్టీరియా గురించి ప్లేటు ఒక మాట చెబుతోంది, పీసీఆర్ మరో మాట చెబుతోంది.

ఆ స్థితిలో ప్లేటు తప్పు చెబుతోందని కొట్టిపారేయడం చాలా సులువు. వాళ్లు ఆ పని చేయలేదు. బ్యాక్టీరియా జీనోమ్, అంటే జన్యు పాఠం, మొత్తం చదివించారు. మెక్‌ఏకు చుట్టమే, కానీ దూరపు చుట్టం ఒకటి అందులో కనబడింది. అక్షరాల పోలిక 70 శాతం దగ్గర ఉంది. మెక్‌ఏ కోసం తయారుచేసిన ప్రైమర్లు దాని మీద అతుక్కోలేవు, అందుకే గీత లేవలేదు. ఆ ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. ఇప్పుడు ఆ జన్యువును మెక్‌సీ అంటున్నాం. వెతకడం మొదలుపెట్టాక అది మనుషుల్లోనూ కనబడింది, రకరకాల జంతువుల్లోనూ కనబడింది.

ఇప్పుడు ఈ కథలోంచి కల్చర్ గదిని తీసేసి చూడండి. పాల నుంచి నేరుగా డీఎన్ఏ తీస్తారు. స్టెఫైలోకాకస్ ఆరియస్ పాజిటివ్, మెక్‌ఏ నెగటివ్. రిపోర్టులో "మెథిసిలిన్‌కు లొంగుతుంది" అని రాస్తారు. పరీక్షలో ఏ లోపమూ లేదు, పరీక్షను సరిచూసే కంట్రోళ్లన్నీ సరిగ్గా వచ్చాయి, సంతకాలూ పడ్డాయి. అయినా ఆ రిపోర్టులోని మాట అబద్ధం. ఆ అబద్ధాన్ని బయటపెట్టగల సాక్షి, అంటే మందు సమక్షంలో కూడా పెరిగి చూపించిన బతికున్న బ్యాక్టీరియా, లేకుండా పోతుంది.

రక్తపు అగార్ ప్లేటును దీపం ముందు పట్టుకుని చూసిన అనుభవం మీలో కొందరికైనా ఉండే ఉంటుంది. స్టెఫైలోకాకస్ ఆరియస్ అయితే లేత బంగారు రంగు గుండ్రని కాలనీలు, వాటి చుట్టూ స్వచ్ఛంగా తేలిపోయిన ఒక వలయం, దానికి వెలుపల మసకగా మరో వలయం. ఆవుల నుంచి వచ్చిన బ్యాక్టీరియాలో ఈ జంట వలయం తరచూ కనబడుతుంది. పక్కనే బూడిదరంగు కాలనీ ఒకటి ఉంటే అది ఏమిటా అని కన్ను దానంతటదే అటు పోతుంది. దాన్ని ఎవరూ వెతకమనలేదు. ప్రైమర్‌కు ఆ కుతూహలం ఉండదు. అడిగిన దానికే జవాబిస్తుంది, అడగనిది కళ్లముందున్నా చెప్పదు.

2024 తొలి నెలల్లో అమెరికాలోని టెక్సాస్ పాడి మందల్లో ఇది ఎంత పెద్ద స్థాయిలో జరిగిందో చూశాం. ఆవులు మేత తగ్గించాయి, పాలు పడిపోయాయి, వచ్చిన కాసిని పాలు జున్నుపాలలా చిక్కగా ఉన్నాయి. ఆవుల్లో మామూలుగా వెతికే జబ్బులన్నింటికీ పరీక్షలు చేశారు, అన్నీ నెగటివ్. ఆవు పాలలో ఇన్‌ఫ్లుయెంజా కోసం వెతకాలని ఎవరికి తోస్తుంది? ఆ కొట్టాల్లో పచ్చిపాలు తాగిన పిల్లులు చచ్చిపోవడం, చుట్టుపక్కల పక్షులు చచ్చిపోవడం గమనించినవారు ఈ రెంటినీ కలిపి ఆలోచించారు. అప్పుడు పాలనూ పిల్లుల అవయవాలనూ ఆ ప్రశ్నతో పరీక్షించారు. బర్డ్ ఫ్లూ వైరస్, హెచ్5ఎన్1. మార్చి 25న ప్రకటన వెలువడింది. ముక్కు స్వాబ్‌లలో కంటే పాలలోనే వైరస్ విపరీతంగా ఉంది. పీసీఆర్ అక్కడ గొప్పగా పనిచేసింది, అందులో సందేహం లేదు. కానీ దానికి సరైన ప్రశ్న అందించింది కొట్టంలో తిరిగి, చచ్చిన పిల్లిని చూసిన కళ్లు.

మరి సీక్వెన్సర్ ఉంటే ప్రశ్నతోనే పనిలేదు కదా, శాంపిల్లో ఉన్నదంతా చదివేయొచ్చు కదా అని మీరు అడగవచ్చు. మెటాజీనోమిక్స్ పేరుతో వస్తున్న ప్రతిపాదనల సారాంశమూ అదే. దీనికి నాకు తెలిసిన చక్కని ఉదాహరణ ష్మాలెన్‌బర్గ్ వైరస్. 2011 వేసవి చివర్లో, శరదృతువులో జర్మనీ, నెదర్లాండ్స్ ఆవుల్లో జ్వరం, పారడం, పాలు తగ్గడం కనబడ్డాయి. తెలిసిన వైరస్‌లేవీ దొరకలేదు. ఫ్రీడ్రిష్ లోఫ్లర్ పేరు మీదే నడుస్తున్న జర్మనీ సంస్థలో జబ్బు ఆవుల రక్తంలోని జన్యు పదార్థాన్నంతా చదివారు. వేల వేల ముక్కల్లో అత్యధికం ఆవువే. ఆర్థోబున్యావైరస్‌ల జాతిని పోలినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మాత్రమే ఉన్నాయి.

నాకు ముఖ్యమనిపించేది వాళ్లు ఆ తర్వాత ఏం చేశారన్నది. ఆ కొన్ని ముక్కల నుంచి పీసీఆర్ పరీక్ష తయారుచేసి జబ్బు చేసిన ఆవుల్లో వెతికారు. అక్కడితో సరిపెట్టుకోలేదు. రక్తాన్ని కణాల కల్చర్‌లో వేసి వైరస్‌ను బతికుండగా పట్టుకున్నారు. దూడలకు ఎక్కించి జ్వరం వస్తోందని, రక్తంలో వైరస్ పెరుగుతోందని చూశారు. ఆ చలికాలంలో కాళ్లు ముడుచుకుపోయి, మెదడు ఏర్పడని గొర్రెపిల్లలు పుట్టడం మొదలయ్యేసరికి చేతిలో పరీక్ష సిద్ధంగా ఉంది. బతికున్న వైరస్ ఉంది కాబట్టి యాంటీబాడీ పరీక్షలూ, ఆ తర్వాత టీకాలూ సాధ్యమయ్యాయి. సీక్వెన్సర్ తలుపు తెరిచింది. లోపలికి నడిచి వెళ్లడానికి కణాల కల్చర్ కావలసి వచ్చింది.

ఇక అంకెల సంగతి. రియల్‌టైమ్ పీసీఆర్ ఇచ్చే సీటీ విలువను (గీత ఎన్నో చక్రంలో లేచిందో చెప్పే అంకె, తక్కువైతే జన్యు పదార్థం ఎక్కువని అర్థం) మా రిపోర్టుల్లో చాలాచోట్ల చెప్పనే చెప్పరు, "పాజిటివ్" అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. నాకు దీని మీద చాలాకాలంగా బాధ ఉంది. ప్రతి చక్రంలో జన్యు ముక్కలు రెట్టింపవుతాయి. సీటీ విలువలో మూడుంపావు చక్రాల తేడా ఉంటే సుమారు 10 రెట్ల తేడా ఉన్నట్టు. సీటీ 18 వచ్చిన శాంపిలూ, 36 వచ్చిన శాంపిలూ రెండూ పాజిటివే, కానీ వాటి మధ్య తేడా రెండున్నర లక్షల రెట్లకు పైనే. ఈ రెండింటినీ ఒకే మాటతో పశువైద్యుడికి పంపితే ఆయన ఏమనుకోవాలి?

పందుల్లో వచ్చే సర్కోవైరస్ 2 ఆరోగ్యంగా ఉన్న పందుల్లోనూ తరచూ దొరుకుతుంది. అందుకే దాని జబ్బును నిర్ధారించాలంటే మూడు కావాలి: లక్షణాలు కనబడాలి, లింఫు గ్రంథుల్లో దెబ్బ కనబడాలి, ఆ దెబ్బ ఉన్నచోటే వైరస్ కనబడాలి. జోన్స్ వ్యాధిలో ఇంకో చిక్కుంది. ఆ బ్యాక్టీరియా ఉన్న పేడ అంటిన మేత తిన్న ఆవు, తనకు జబ్బు లేకపోయినా దాన్ని మింగి పేడలో బయటికి పంపేస్తుంది. పీసీఆర్ పాజిటివ్ అంటుంది, ఆవు నిక్షేపంగా ఉంటుంది. పైగా ఆ పరీక్షకు చాలామంది వాడే ఐఎస్900 అనే జన్యు ముక్కను పోలినవి వేరే మైకోబ్యాక్టీరియాల్లోనూ దొరికాయి. అందుకే రెండో జన్యువుతో సరిచూడకుండా మందలోంచి పశువును తీసేయమని రాయకూడదు.

దొమ్మరోగం (ఆంత్రాక్స్) విషయంలోనూ ఒక్క జన్యువును నమ్ముకుంటే దెబ్బతింటాం. దాన్ని తెచ్చే బాసిల్లస్ ఆంత్రాసిస్‌లో విషం తయారుచేసే జన్యువులు ఒక ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీద, పైపొర తయారుచేసే జన్యువులు ఇంకో ప్లాస్మిడ్ మీద ఉంటాయి. పశువులకు వేసే స్టెర్న్ టీకాలో మొదటిది ఉంటుంది, రెండోది ఉండదు. మొదటిదాన్ని మాత్రమే వెతికితే టీకా కూడా రోగంలాగే కనబడుతుంది. ఐవరీకోస్ట్‌లోని తాయ్ అడవిలో చింపాంజీలను చంపిన బ్యాక్టీరియాలో రెండు ప్లాస్మిడ్లూ ఉన్నాయి, కానీ అసలు క్రోమోజోమ్ దాని దగ్గరి చుట్టమైన బాసిల్లస్ సీరియస్‌ది. ప్లేటు మీద, సూక్ష్మదర్శిని కింద అది చకచకా ఈదుతుంది. బాసిల్లస్ ఆంత్రాసిస్ కదలదు.

టీకాల మాట వచ్చింది కాబట్టి ముద్దచర్మ వ్యాధి (లంపీ స్కిన్) గురించి ఒక్క మాట. టీకా వైరస్‌ను, పొలంలో తిరిగే వైరస్‌ను వేరుచేయడానికి ఒక్కో జన్యువు ఆధారంగా పీసీఆర్‌లు తయారయ్యాయి, బాగానే పనిచేశాయి. 2017లో రష్యాలోని సరాటోవ్‌లో దొరికిన వైరస్‌ను పూర్తిగా చదివితే అది రెండింటి కలగాపులగం అని తేలింది. కొన్ని ముక్కలు టీకావి, కొన్ని పొలం వైరస్‌వి. ఒక పరీక్ష దాన్ని టీకా అంటుంది, మరో పరీక్ష కాదంటుంది, రెండూ సగం నిజాలే. సుమారు లక్షన్నర అక్షరాల జీనోమ్‌ను మొత్తం చదివితే తప్ప ఆ ముడి విడదు. ఇక్కడ పూర్తి సీక్వెన్సింగే గెలిచింది. మీ సీక్వెన్సర్ కొనుగోలుకు నేను అడ్డం చెప్పకపోవడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మా బల్ల దగ్గర జరిగిన ఒక చిన్న సంగతి చెప్పనివ్వండి. ఈసుకుపోతున్న గొర్రెల మంద నుంచి పదకొండు మావి శాంపిళ్లు వచ్చాయి. గొర్రెలు ఈసుకుపోయేలా చేసే క్లమైడియా అబార్టస్ అనే బ్యాక్టీరియా కోసం పీసీఆర్ పెట్టాం. సాయంత్రమైంది, తెర మీద రెండు గీతలు ఇరవయ్యో చక్రం దాటుతుండగానే నిటారుగా లేచాయి. ముప్ఫై దాటాక ఇంకో ఆరు మెల్లగా తలెత్తాయి. ముప్ఫై ఏడో చక్రంలో ఇంకొకటి లేచింది. అది ఏ గొర్రెదీ కాదు, నీళ్ల కంట్రోల్. అంటే ఏ శాంపిలూ వేయని గొట్టం. కొత్తగా చేరిన పిల్ల నా వైపు చూసింది. "చివర్లో కొంచెమే కదండీ, వదిలేద్దామా?" అంది. తప్పు ఆ పిల్లది కాదు, రిపోర్టు ఆ సాయంత్రమే వెళ్లాలని పైనుంచి ఒత్తిడి.

మావి ముక్క నుంచి స్మియర్ తీసి రంగు వేయించాను. నీలం మీద ఎర్రటి సన్నని చుక్కలు గుంపులు గుంపులుగా కనబడాలి, అది పాత పద్ధతి. నిటారుగా లేచిన రెండింటిలో కనబడ్డాయి. మిగతా ఆరింటిలో కనబడలేదు. మర్నాడు ద్రావణాలన్నీ కొత్తవి తెరిచి, డీఎన్ఏ మొదటి నుంచీ తీసి మళ్లీ పెడితే ఆ రెండే నిలిచాయి. రిపోర్టు ఒక రోజు ఆలస్యమైంది. పాజిటివ్ వచ్చినవి ఎనిమిది కావు, రెండు. తెల్లారి ఆ పిల్లను కూర్చోబెట్టి సూక్ష్మదర్శినిలో ఆ ఎర్రచుక్కలు చూపించాను. చాలాసేపు కన్ను తీయలేదు. అప్పటిదాకా క్లమైడియా అంటే తనకు తెర మీద గీతే.

ఇలాంటివి ఎక్కువగా చోటుచేసుకునేది అసలు సూక్ష్మజీవి తక్కువగా ఉన్న శాంపిళ్లలో. డీఎన్ఏ తీసే కిట్లలోనే కొన్ని బ్యాక్టీరియాల జన్యు ముక్కలు ఉంటాయని 2014లో ఒక పరిశోధన స్పష్టంగా చూపింది. దూడ ఊపిరితిత్తుల్లోనో, మావిలోనో "సూక్ష్మజీవుల సమూహం" దొరికిందని రాసేముందు, ఖాళీ గొట్టాన్నీ అదే కిట్‌తో అదే రోజు చదివించాలి. ఇందులో చర్చకు తావు లేదని నా అభిప్రాయం. ఖాళీ గొట్టం ఫలితం పక్కన పెట్టకుండా అలాంటి పట్టిక చూపిస్తే నేను చదవను.

శాంపిల్ ఎలా వస్తోందన్నది ఇంకో పెద్ద విషయం, కానీ అది అందరికీ తెలిసినదే. హెపారిన్ గొట్టంలో రక్తం పంపితే పీసీఆర్ మొరాయిస్తుంది, ఈడీటీఏ గొట్టంలో పంపాలి. పేడలోని పదార్థాలు ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి, అందుకే లోపలి కంట్రోల్ ఉండాలి. అది లేకపోతే అడ్డుపడ్డ పరీక్షకూ, నిజమైన నెగటివ్‌కూ తేడా తెలియదు. ఫార్మలిన్‌లో నానిన ముక్కలో డీఎన్ఏ తునాతునకలై ఉంటుంది, పెంచడానికి అసలే పనికిరాదు. స్వాబ్‌తో పాటు పశువు వయసు, చూడి నెల, ఏ రోజున ఏ మందు వేశారు అన్న నాలుగు వాక్యాలు వస్తే మాకు ఇంకో యంత్రం వచ్చినంత మేలు. ఖాళీగా వచ్చే కాగితాలే ఎక్కువ.

కల్చర్ అన్నిచోట్లా చేయాలని నేననడం లేదు. గాలికుంటు వైరస్‌ను, దొమ్మ బ్యాక్టీరియాను తగిన రక్షణ లేని గదిలో పెంచకూడదు. అక్కడ జన్యు పరీక్షే భద్రమైన దారి. ముసర వ్యాధి అంతమయ్యాక దాని వైరస్‌ను ఫ్రీజర్లలో దాచుకోవడమే ప్రమాదమైంది. ఇంగ్లండ్‌లోని పిర్‌బ్రైట్ సంస్థ తన దగ్గరున్న వైరస్‌ల జీనోములను చదివి భద్రపరిచి, 2019లో ఆ నిల్వను నాశనం చేసింది. అది సరైన పని. ఎక్కడ పెంచాలో, ఎక్కడ పెంచకూడదో తెలిసినవారు కూర్చుని సూక్ష్మజీవిని బట్టి తేల్చాలి. స్థలం చాలడం లేదనో, ప్లేట్లు చూసే పెద్దాయన రిటైరయ్యాడనో తేల్చకూడదు. కొత్తనీరు వచ్చి పాతనీటిని కొట్టుకుపోవడం ఏటికి మంచిదే కావచ్చు, ప్రయోగశాలకు కాదు. ప్లేటు చూసి చెప్పగల కన్ను తయారుకావడానికి ఏళ్లు పడుతుంది. ఆ కన్నును యంత్రంలా ఆర్డరు పెట్టి తెప్పించుకోలేం.

మిమ్మల్ని నేను అడిగేది ఇది. మందు ఎంచుకోవలసిన ప్రతి బ్యాక్టీరియా జబ్బులో, డీఎన్ఏ తీసేముందే శాంపిల్లో కొంత భాగాన్ని పక్కకు తీసి చల్లగా ఉంచడం నియమం చేయండి. పీసీఆర్ పాజిటివ్ అయితే అదే రోజు దాన్ని ప్లేటు మీద గీయించండి. పెరిగిన బ్యాక్టీరియాను మైనస్ 80 డిగ్రీల దగ్గర దాయండి. గొట్టం మీద తేదీ, జంతువు, అవయవం ఉండాలి, రిజిస్టరులో లక్షణాలూ వాడిన మందులూ ఉండాలి. సీక్వెన్సులను అందరికీ అందుబాటులో ఉండే భాండాగారాల్లో పెట్టండి, వాటితో పాటు ఈ వివరాలూ పెట్టండి. ఏ జంతువుదో, ఎప్పటిదో తెలియని జీనోమ్ అడ్రసు లేని ఉత్తరం లాంటిది. రిపోర్టులో సీటీ విలువ రాయండి, దాని కింద ఈ మందలో ఈ అంకెకు అర్థమేమిటో సంతకంతో రాసే మనిషిని పెట్టండి. కొత్తగా చేరేవారికి మొదటి ఏడాదిలో సగం ప్లేట్ల దగ్గర, సగం యంత్రాల దగ్గర గడిచేలా చూడండి. వీటిలో ఒక్కటే చేయగలం అంటే శాంపిల్లో కొంత భాగం పక్కకు తీసే నియమం పెట్టండి. అది ఉంటే మిగతావి తర్వాతైనా చేసుకోవచ్చు.

దాచిన గొట్టం ఎప్పుడు మాట్లాడుతుందో ఎవరికీ తెలియదు. మెక్‌సీ జన్యువు బయటపడ్డాక డెన్మార్క్‌లో పాత నిల్వల్లో వెతికారు. 1975లో ఒక మనిషి రక్తం నుంచి తీసి దాచిన బ్యాక్టీరియాలో అది ఉంది. ఆ రోజు దాన్ని ఫ్రీజర్‌లో పెట్టినవారికి ఆ జన్యువు సంగతి తెలిసే అవకాశమే లేదు, అయినా పారేయలేదు. తేదీలతో సహా దాచిన అలాంటి ఎన్నో బ్యాక్టీరియాల జీనోములను పోల్చి, 2022లో ఇంకో సంగతి తేల్చారు. యూరప్‌లో హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ల జంతువు చర్మం మీద ఒక బూజు పెరుగుతుంది. అది పెన్సిలిన్ తరహా మందును తనే తయారుచేస్తుంది. దాన్ని తట్టుకోవడానికి ఆ స్టెఫైలోకాకస్‌లు మెక్‌సీని 1800ల నాటికే సంపాదించుకున్నాయి. అంటే మనిషి పెన్సిలిన్ కనిపెట్టడానికి ఎంతో ముందే. డబ్బాలో డీఎన్ఏ ఒక్కటే మిగిలుంటే ఆ బ్యాక్టీరియా మందును తట్టుకుంటుందని చూపగలిగేవారు కారు, ఆ బూజు పక్కన పెంచి చూడగలిగేవారూ కారు.

ఇప్పుడు నేను పనిచేస్తున్న చోట ఇంక్యుబేటర్ మళ్లీ నడుస్తోంది. 37 డిగ్రీలు. పొద్దున్నే తలుపు తీయగానే రక్తపు అగార్ వాసన వస్తుంది. పొదుగువాపు శాంపిల్ పాజిటివ్ వచ్చిన ప్రతిసారీ ఒక ప్లేటు లోపలికి వెళుతుంది, రెండు రోజుల తర్వాత ఒక చిన్న గొట్టం ఫ్రీజర్‌లోకి వెళుతుంది. పశువైద్యులు ఫోన్ చేసి ఏ మందు అని అడిగితే చాలాసార్లు చెప్పగలుగుతున్నాం. సమీక్షకు వచ్చే ముందు మీలో ఎవరైనా ఒక పూట రండి. ఫ్రీజర్ మూత తీసి డబ్బాలు చూపిస్తాను, ఒక ప్లేటు చేతికిచ్చి దీపం ముందు పట్టుకోమంటాను. గ్లవ్స్ నేనే ఇస్తాను.

ఇట్లు,
పీసీఆర్ బల్ల దగ్గరా, కల్చర్ బల్ల దగ్గరా పనిచేస్తున్న ఒక పశు సూక్ష్మజీవ శాస్త్ర ఉద్యోగి